వారానికొక మనిషి తక్కువ

నేను ఇప్పటికి తక్కువలో తక్కువ నాలుగు వందల సార్లు చచ్చిపోయాను. మొదటిసారి తప్ప మిగతా మూడు వందల తొంభై తొమ్మిది సార్లూ నాకోసం ఎవరూ సరిగ్గా ఏడవలేదని ఇప్పటికీ కాస్త గుర్రుగానే ఉంది. మనిషి ఒక్కసారి చస్తే ఊళ్లో పొయ్యి వెలగదు. రోజుకు రెండుసార్లు చస్తే మాత్రం పక్కింటావిడ కూడా "అన్నం తిన్నంక పోయిండా, తినకముందే పోయిండా" అని అడిగి, చాటలో బియ్యం చెరుగుకుంటూ కూర్చుంటుంది.

నేను ఏదైనా కొంచెం పెంచి చెప్తానని మా ఆవిడ అనసూయ అంటుంది. కొంచెం కాదు, బాగానే పెంచుతాను. కానీ ఆ రెండేండ్ల సంగతి పెంచడానికి జాగా లేకుండానే పెద్దది. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న నకిరేకల్ అంగట్లో ఒక పెద్దమనిషి బెల్లం దుకాణం ముందర నిలబడి, ఎడమచేతి మణికట్టును కుడిచేతి వేళ్లతో పట్టుకొని, పెదవులు కదుపుతూ లెక్కబెట్టుకుంటున్నాడు. నేను దగ్గరికి పోయి "ఎంత కొడ్తాందన్నా" అని మెల్లగా అడిగాను. దొంగతనంలో దొరికినట్టు చెయ్యి వదిలేసి, బెల్లం కూడా కొనకుండా పోయాడు. ఆయన కోసం రాస్తున్నాను. ఆయనలాంటివాళ్లు మన తాలూకాల్లో ఎందరున్నారో, అందరూ జేబుల్లో చేతులు పెట్టుకొని తిరుగుతున్నారు గనుక తెలియదు. ఇది మా బిడ్డను మాత్రం చదవనివ్వను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది ఎండకాలం. నకిరేకల్‌కు అవతల ఒక పల్లెలో నేను సర్కారు బడి పంతులును. మా ఊరి నుంచి నల్లగొండకు బస్సులో గంటన్నర, దారిలో ఈదులవాగు అని ఒక వాగు. వాగంటే నీళ్లుంటాయనుకునేరు. ఏడాదికి పది రోజులు నీళ్లు, మిగిలిన రోజులన్నీ ఇసుక. ఆ రోజు నల్లగొండలో పరీక్ష పేపర్లు అప్పజెప్పి వస్తున్నాను. బస్సులో ముప్పై మంది పట్టే జాగాలో ఎనభై మంది, పదహారు మేకలు, ఒక పెండ్లిపిల్ల. బస్సు రేకు మీద రొట్టె వేస్తే మాడిపోయేంత ఎండ. వాగు నడుమకు రాగానే చక్రం ఇసుకలో దిగబడింది, బస్సు ఆగింది.

బస్సు ఆగిందో లేదో నా ఛాతీలో ఎవరో డప్పు మొదలుపెట్టారు. ముందు పెండ్లి డప్పు, తరువాత జాతర డప్పు, ఆ తరువాత చావు డప్పు. చేతులు చల్లబడ్డాయి. పెదవులు తిమ్మిరెక్కాయి. పీల్చిన ఊపిరి సగందాకా పోయి వెనక్కి వస్తున్నది. నేను చచ్చిపోతున్నానన్న సంగతి నాకెంత ఖాయంగా తెలిసిందంటే, నా పేరు కూడా నాకు అంత ఖాయంగా ఏనాడూ తెలియదు. పెండ్లిపిల్ల మీదుగా, రెండు మేకల మీదుగా కిటికీలోంచి దూకి ఇసుకలో పడుకున్నాను. డ్రైవర్ ఖాసిం భాయ్ ఇంజనులో పోసే నీళ్ల డబ్బా తెచ్చి నా మొహం మీద గుమ్మరించాడు. ఆ నీళ్లు వేడిగా ఉన్నాయి. అయినా ఆయన చెయ్యి నా తల కింద ఉన్న సంగతి మాత్రం నాకు గుర్తుంది.

పావుగంటలో అంతా తగ్గిపోయింది. ఈ రోగంలో ఉన్న అవమానం అదే. పాము కరిస్తే గాటు చూపించవచ్చు, జ్వరమొస్తే ఒళ్లు పట్టి చూడమనవచ్చు. దీనికి సాక్ష్యం ఉండదు. బస్సు కదిలింది, నేను ఎక్కలేదు. మిగిలిన మూడు కోసులు నడిచి ఇంటికొచ్చాను. ఆ తరువాత దాదాపు రెండేండ్లు బస్సు మెట్టు మీద కాలు పెట్టలేదు.

యాభై ఎనిమిది వానకాలం నుంచి యాభై తొమ్మిది దసరా దాకా. డప్పు వాగు దగ్గరే ఉండిపోతే బాగుండేది. అది నా వెంట ఊళ్లోకి వచ్చింది. మొదట అంగట్లో వాయించింది. అంగడి మానేశాను. తరువాత మా వాడకట్టు చివర చింతల కింద వాయించింది. అటు పోవడం మానేశాను. నేను మానేసిన ప్రతి జాగాను అది కిరాయి లేకుండా ఆక్రమించుకుంది. చివరికి నా రాజ్యం ఇంటి నుంచి బడి దాకా, నూట ఇరవై అడుగుల బాటగా మిగిలింది. ఆ బాటలో కూడా కుడిచేతి వేళ్లు ఎడమచేతి నాడి మీదనే. పాఠం చెప్తూ నాడి, అన్నం తింటూ ఎడమచేతిని మోకాలికి ఆనించి నాడి. కొన్నాళ్లకు గడియారం చూడకుండానే నిమిషమెంతో నాకు తెలిసేది. ఒకరోజు నాలుగో తరగతిలోకి పోయి చూస్తే, పిల్లలంతా మణికట్లు పట్టుకొని కూర్చున్నారు. లెక్కలు చెప్పేటప్పుడు అట్లా పట్టుకోవాలేమో అనుకున్నారట.

మా దిక్కు ఒక మంచి ఆనవాయితీ ఉంది. మంచం మీద మనిషి ఉన్నాడంటే ఊరంతా వచ్చి బాగోగులు అడిగి పోవాలి. రాకపోతే తప్పు. అందరికంటే ముందు వచ్చింది గొర్ల మల్లయ్య మామ. రెండు వందల గొర్రెల ఆసామి, మనసు వెన్న, నోరు మాత్రం చావు కబురు. గొంగడి పరుచుకొని నా మంచం పక్కన కూర్చుని, "ఫికర్ చెయ్యకు అల్లుడా. మా సడ్డకుడు గూడ గిట్లనే మంచిగుండె. తల దువ్వుకుంట దువ్వుకుంటనే పాయె. దువ్వెన ఇంకా తలలనే ఉండె" అన్నాడు. నాకు ధైర్యం చెప్పడమే ఆయన ఉద్దేశం. నేను మూడు నెలలు తల దువ్వుకోలేదు.

వచ్చినవాళ్లు ఊరికే పోలేదు. పంతులును ఒంటరిగా వదలొద్దని తీర్మానం చేశారు. చేను కాపలాకు వేసుకున్నట్టు వంతులు వేసుకున్నారు. నేను చెంబు పట్టుకొని పొలాల దిక్కు పోతే వెనక నలుగురు. ఒకరి చేతిలో వాసన చూపించడానికి ఉల్లిగడ్డ, ఒకరి చేతిలో నా పిడికిట్లో పెట్టడానికి తాళంచెవుల గుత్తి, ఒకరి చేతిలో నీళ్ల ముంత, నాలుగోవాడు ముగ్గురూ సరిగ్గా ఉన్నారో లేదో చూడ్డానికి. మెడలో తాయెత్తులు ఎన్నయ్యాయంటే, అవి ఒకదానికొకటి తగిలి నేను వస్తుంటే ఎడ్లబండి వస్తున్నదని కుక్కలు మొరిగేవి. ఎవరినీ తప్పుపట్టను. అంత ప్రేమ రాజులకు కూడా దొరకదు. కానీ ఆ నలుగురు వెనక నడిచిన కొద్దీ, నేను నిజంగానే పోయే ప్రాణినన్న మాట నాలో ఇంకా గట్టిపడింది.

అనసూయ ఒక్కతే ఏమీ అనలేదు. ఒకనాడు పొద్దున తిరగలి తిప్పుతూ, పిండి మీద కన్నీళ్లు పడుతుంటే కొంగుతో కూడా తుడుచుకోకుండా అన్నది: "నువ్వు సచ్చిపోతవని ఊరంత భయపడ్తాంది. నాకు గా భయం లేదు. నువ్వు బతికుంటె బాగుండనిపిస్తాంది."

 

అప్పుడే ఇంకో సంగతి మెడ మీదికి వచ్చింది. మా ఒక్కగానొక్క బిడ్డ శకుంతల, మేము సక్కు అంటాం, ఏడో తరగతిలో ఉంది. లెక్కల్లో నన్ను మించింది. ఇది పెంచి చెప్పడం కాదు, నన్ను మించడం ఏమంత గొప్పా కాదు. ఊళ్లో ఏడుతో సరి. పై చదువుకు నల్లగొండలో ఆడపిల్లల హాస్టలు ఉంది. దాని నియమం గట్టిది. చేర్పించేనాడు తండ్రే వచ్చి కాయితం మీద దస్కత్ చెయ్యాలి, నెలకొకసారి తండ్రే వచ్చి చూసిపోవాలి. రాకపోతే పిల్లను ఇంటికి పంపిస్తారు. ఎద్దుల బండి మీద నెలనెలా పోవడానికి, నాట్ల కాలంలో ఎద్దులెవరిస్తారు? బస్సు ఎక్కలేని తండ్రి బిడ్డకు ఏడో తరగతే యూనివర్సిటీ. బావమరిది అప్పటికే ఒకసారి వచ్చి, చదువు ఆగితే సంబంధం తన దగ్గర ఉన్నదని చెప్పి పోయాడు. సక్కు ఆ పూట అన్నం తినలేదు. నన్నేమీ అడగలేదు కూడా. అడిగితే నా చెయ్యి నాడి మీదికి పోతుందని ఆ పిల్లకు తెలుసు.

యాభై తొమ్మిది, దసరా అయిపోయాక. అనసూయ నన్ను నల్లగొండ దవాఖానకు తీసుకపోతానంది. బస్సు కాదు, బండి. ఒక బండి అనుకుంటే రెండయ్యాయి. నాతో కలిపి పన్నెండుగురం. ఉల్లిగడ్డలు, తాళంచెవులు, రెండు కడవల నీళ్లు, దర్గాలో ఇవ్వడానికి ఒక కోడిపుంజు. దవాఖాన వరండాలో మేమంతా దిగి కూర్చుంటే, అంతకుముందు వచ్చిన రోగులు లేచి మాకు జాగా ఇచ్చారు.

డాక్టర్ సాబ్ బయటికి వచ్చారు. ఆయన పేరు రాయను, ఆయనకు ఇష్టం ఉండదు. తెల్ల షేర్వానీ, నెరిసిన గడ్డం, ముక్కు కొసన అద్దాలు. మా పన్నెండుగురినీ ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసి, "మరీజ్ ఎవరు?" అని అడిగారు. ఇందులో రోగి ఎవరని అడగాల్సిన మాటే. ప్రయాణంతో అందరి మొహాలూ నాకంటే అధ్వాన్నంగా ఉన్నాయి. ఒక్క కోడిపుంజే ఆరోగ్యంగా ఉంది.

నన్నొక్కణ్నే లోపలికి పిలిచి తలుపు వేశారు. ఏడాదిన్నరలో నేను కాపలా లేకుండా ఒక మనిషి ఎదుట కూర్చోవడం అదే మొదలు. నేను చెప్పిందంతా విన్నారు. నాలుగు వందల చావులూ విన్నారు, అప్పటికి రెండు వందలే అనుకోండి. ఒక్కచోట కూడా నవ్వలేదు. నేను నవ్వించాలని చూసినచోట కూడా నవ్వలేదు. చెవుల గొట్టం పెట్టి ముందూ వెనకా విన్నారు. తరువాత వెనక వాకిట్లోకి తీసుకపోయి, అక్కడున్న పది మెట్లను ఆరుసార్లు ఎక్కి దిగమన్నారు. ఎక్కి దిగాను. ఛాతీలో డప్పు దంచుతున్నది.

"ఇప్పుడు కొట్టుకుంటున్నది గదా మాస్టర్ సాబ్. భయమయిందా?"

"లేదు సాబ్. మెట్లెక్కిన గదా."

"గదే గుండె, గదే డప్పు" అన్నారు. "మెట్లు కనవడితె మీరు ఊకున్నరు. మెట్లు కనవడకపోతె సావు అన్నరు."

ఏడాదిన్నరలో నాకు ఎవరూ చెప్పని మాట అది. నేను ఆ మెట్టు మీదనే కూలబడ్డాను. ఆయన కూడా షేర్వానీ మడిచి నా పక్కన కూర్చున్నారు. అంత పెద్ద డాక్టరు అట్లా మెట్టు మీద కూర్చోవడం చూసి లోపల కంపౌండరు గాజుబుడ్డి జారవిడిచాడు, నేను ఆ చప్పుడు విన్నాను.

మరి ఇది ఉత్త భయమేనా అని అడిగాను. నా గొంతులో సిగ్గు ఉన్నట్టుంది. ఆయన అద్దాలు తీశారు.

"ఉత్త భయమని ఎవరన్నరు? కాలు విరిగినోనికి కట్టు కనవడ్తది, అందరు జాగా ఇస్తరు. మీకు కట్టు లేదు. గంతే ఫరక్. బీమారీ మాత్రం అసలుదే."

ఆ తరువాత ఆయన చెప్పిన సంగతి మా చేన్ల సంగతే. మంచె మీద కావలివాడుంటాడు. పంది వస్తే కేకేస్తాడు. నా లోపలి కావలివాడు మంచివాడే, ఒకసారి వాగు దగ్గర బెదిరాడు. అప్పటి నుంచి ఆకు కదిలినా కేకేస్తున్నాడు. వాడు కేకేసినప్పుడల్లా ఊరంతా ఉల్లిగడ్డలు పట్టుకొని ఉరికొస్తే వాడేమనుకుంటాడు, నిజంగానే పంది వచ్చిందనుకుంటాడు. మరి ఏం చెయ్యాలన్నాను.

"వాన్ని కొట్టద్దు, తిట్టద్దు. కేకెయ్యనియ్యుండ్రి. ఎవ్వరు ఉరకద్దు, మీరు గూడ. జర సేపటికి వాడే అలిసిపోయి మంచె దిగి చూస్తడు. పంది ఉండది."

మందు చీటీ రాశారు. పైన ఇంగిలీషులో ఏదో ఎర్రనీళ్ల మందు, పదిహేను రోజులకే. అది చేతికర్రలాంటిదట, నడవాల్సింది నేనేనట. కింద ఉర్దూలో రెండు వరుసలు. నేను ఉర్దూ బళ్లో చదివినవాణ్ని గనుక చదవగలిగాను. మొదటి వరుస: నాడి పట్టుకోవడం బంద్. రెండో వరుస: వారానికొక మనిషి తక్కువ.

అర్థం కాక ఆయన మొహం చూశాను. ఆయన కిటికీలోంచి వరండా వైపు చూపించారు. అక్కడ నా పదకొండుగురు వరుసగా కూర్చొని, ఊపిరి బిగబట్టి, తలుపు వైపు చూస్తున్నారు.

అరవై సంక్రాంతి దాకా. తిరుగుదారిలో చీటీని బండిలో బిగ్గరగా చదివాను.  ఎద్దులు నడక తగ్గించాయి. మందు చేదుగా ఉంటుందని అందరికీ తెలుసుగానీ, ఆ చేదు తామే మింగాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఎవరిని ముందు తగ్గించాలి? ఏ ఊళ్లోనైనా పెండ్లికి పిలవకపోతే అలుగుతారు. మా ఊళ్లో నా చావుకు కాపలా నుంచి తీసేస్తే అలిగారు.

ఆ లెక్క అనసూయ చేసింది. ఆమె బడికి పోలేదు గానీ, తీసివేతలు అంత నాజూకుగా చేసినవాళ్లను నేను చూడలేదు. ముందుగా చావు కబుర్లు చెప్పేవాళ్లు, తరువాత నా మొహం చూసి కండ్లల్ల నీళ్లు పెట్టుకునేవాళ్లు, తరువాత ఉల్లిగడ్డ, తరువాత తాళంచెవులు. మొదటి పేరు మల్లయ్య మామ. ఆయన వారం రోజులు మా ఇంటి వైపు మొహం తిప్పలేదు. ఎనిమిదోనాడు నేను బడికి పోతుంటే, బాట పొడుగునా అవతలి గట్టు మీద రెండు వందల గొర్రెలు నాతో సమంగా నడుస్తున్నాయి. నేను ఆగితే గొర్రెలు ఆగుతున్నాయి. వెనక మల్లయ్య మామ, ఆకాశంలోకి చూస్తూ.

"నేను పంతులు తోటి లేను, గొర్లతోటున్న" అన్నాడు ఎవరూ అడగకుండానే.

అనసూయ గుమ్మంలోంచి బదులిచ్చింది. "డాక్టర్ సాబు గొర్లను గూడ లెక్కవెడ్తడు మామా. గట్లయితె మా ఆయన బాగయ్యేటాలకు నాలుగేండ్లు పడ్తది."

మామ నవ్వాపుకోలేక గొర్రెలను మళ్లించాడు. అలక తీరింది. ఆ తరువాత ఆయన నాకు చేసిన సాయం పెద్దది: ఎదురుపడ్డప్పుడల్లా, ఎట్లున్నవని అడగకుండా, వానలెట్లున్నాయని అడిగాడు. ఒక మనిషి నాతో వానల గురించి మాట్లాడి అప్పటికి ఏడాదిన్నర దాటింది.

ఒక్కొక్కరు తగ్గుతుంటే డప్పు తగ్గిందనుకునేరు. పెరిగింది. ఇది దాచను. ఐదో వారం నేను బడి బాటలో మధ్యన నిలబడిపోయి, ముందుకూ వెనక్కూ పోలేక, ఒక గోడను పట్టుకొని ఏడ్చాను. వెనక మిగిలిన ఆరుగురు కదిలారు. అనసూయ చెయ్యి అడ్డం పెట్టి వాళ్లను ఆపింది. నా వైపు మాత్రం రాలేదు. ఆమె పెదవి రక్తం వచ్చేలా కొరుక్కుంటున్నదని తరువాత సక్కు చెప్పింది. కావలివాడు కేకేశాడు, కేకేశాడు, గొంతు పోయేదాకా కేకేశాడు. తరువాత ఊరుకున్నాడు. గోడ వదిలి చూస్తే బడి గంట కొట్టలేదింకా. నేను జీవితంలో ఏదైనా యుద్ధం గెలిచానంటే అది ఆ గోడ పక్కనే.

అరవై, మాఘం నుంచి మృగశిర దాకా. మనుషులు అయిపోయారు, అనసూయ ఒక్కతే మిగిలింది. ఇక బస్సు. ఆదివారం ఆదివారం పొద్దున. మొదటి వారం నిలబడ్డ బస్సులో ఊరికే కూర్చొని దిగడం. రెండో వారం ఒక స్టేజీ. ఖాసిం భాయ్‌కి అనసూయ సంగతంతా చెప్పింది. ఆయన నాతో ఒక్కటే అన్నాడు: "నువ్వు చెయ్యెత్తుతె ఆపుత పంతులూ. గని నీ కేక అయినంక ఆపుత. కేక నడుమ బ్రేకు తొక్కనే తొక్క."

బస్సంతటికీ నా సంగతి తెలిసిపోయింది. నేను చెయ్యెత్తితే వెనక సీట్లో కూరగాయల గంపల ఆమె "జర ఆగు సారూ, ఇంకా నీ మొహం ఎర్రగనే ఉన్నది" అనేది. నేను అనుకున్న స్టేజీ దాకా పోయి దిగితే ఏదో తమ బిడ్డ పరీక్ష పాసయినట్టు తలలూపేవాళ్లు. వాళ్లెవ్వరి పేర్లూ నాకు తెలియవు. వాళ్లను తలుచుకోకుండా ఆ బాటలో ఇప్పటికీ పోలేను.

సున్నపు బట్టీ స్టేజీ దాకా అనసూయ నాతో వచ్చి, అక్కడ దిగిపోయి, రెండు మైళ్లు వెనక్కి నడిచి ఇల్లు చేరేది. నేను ఇంకొక స్టేజీ ఒంటరిగా పోవాలి. ప్రతిసారీ కిటికీలోంచి ఆమె వీపు చూసేవాణ్ని. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. మనసు రాయి చేసుకున్నదనుకున్నాను. ఒకనాడు అడిగితే, "నేను తిరిగి చూస్తె నువ్వు దుంకుతవయ్యా" అన్నది.

జూన్ వచ్చేసరికి ఈదులవాగుకు ముందరి స్టేజీ దాకా వచ్చాను. వాగు మాత్రం దాటలేదు. హాస్టలు నుంచి కార్డు వచ్చింది, వచ్చే సోమవారం తండ్రితో హాజరు కావాలని. నేను సిద్ధంగా లేను. అనసూయను తోడు రమ్మన్నాను. ఆమె సక్కు బట్టలు రేకు పెట్టెలో సర్దుతూ తల అడ్డంగా ఊపింది.

"నేనొస్తె నువ్వు నన్ను పట్టుకుంటవ్. నేను రాకుంటె సక్కు నిన్ను పట్టుకుంటది. అప్పుడు నువ్వే గట్టిగుండాలె."

సోమవారం పొద్దున బస్సెక్కాము. సక్కు ఒళ్లో రేకు పెట్టె, కాళ్ల దగ్గర పచ్చడి జాడీ. సున్నపు బట్టీ దాటింది. ముందరి స్టేజీ దాటింది. అక్కడిదాకా నా ఇలాకా. ఆ తరువాత ఈతచెట్లు కనిపించాయి, వాగు గట్టు కనిపించింది, నా చేతులు చల్లబడ్డాయి. డప్పు. పెండ్లిదీ కాదు, జాతరదీ కాదు, నేరుగా మూడోదే. డాక్టర్ సాబ్, మెట్లు, మంచె, అన్నీ ఎటో కొట్టుకపోయాయి. నేను లేచి నిలబడ్డాను. చెయ్యి సగందాకా లేచింది. అద్దంలో ఖాసిం భాయ్ కండ్లు నన్ను చూశాయి. దిగితే బతుకుతాను, దిగితే సక్కు చదువు ఇసుకలో పోతుంది, రెండూ ఒకేసారి తెలుసు, అయినా కాలు గుమ్మం వైపే లాగుతున్నది.

అప్పుడు సక్కు నా ధోవతి కొస పట్టుకొని లాగింది.

"బాపూ, నాకేందో అయితాంది. గుండె దడదడ కొట్టుకుంటాంది. జర నా చెయ్యి చూడు."

కూర్చున్నాను. డాక్టర్ సాబ్ నా నాడి పట్టుకోవద్దన్నారు గానీ, పరాయి నాడి సంగతి చెప్పలేదు. ఆ సన్నని మణికట్టు మీద వేళ్లు పెట్టాను. ఈ విద్యలో మూడు తాలూకాల్లో నన్ను మించినవాడు లేడు. రెండేండ్లు పగలంతా చేసిన సాధన. నాడి వేళ్లకు అందింది. లెక్కబెట్టాను. బడి గోడ మీది గడియారంలాగా, తొందర లేకుండా, బెదురు లేకుండా కొట్టుకుంటున్నది.

సక్కు మొహం చూశాను. కిటికీ వైపు తిప్పుకొని, కండ్లు పెద్దవి చేసి, పెదవులు బిగించి, భయపడ్డవాళ్లు ఎట్లుంటారో అట్లా కూర్చుంది. బాగా తెలుసు మరి, రెండేండ్లు చూసింది కదా. పదమూడేండ్ల పిల్ల తొలిసారి తల్లిని వదిలిపోతున్నది, తన భయం తనకుండాలి. దాన్ని ఎక్కడ దాచిందో దాచి, నా కోసం ఒక దొంగ భయం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అవు బిడ్డా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మస్తు కొట్టుకుంటాంది. ఏం గాదు. కొట్టుకోనియ్యి. నీకు మంచె మీది కావలోని సంగతి చెప్పిన్నా?"

వంద సార్లు విన్నది. "లేదు బాపూ" అన్నది.

చెప్పాను. మంచె చెప్పాను, పంది చెప్పాను, పందికి కోరలు పెట్టాను, కావలివాడికి మీసాలు పెట్టాను. చెప్తుంటే బస్సు గట్టు దిగింది, ఇసుకలో ఊగింది, ఒకసారి చక్రం గీరుకుంది. నా డప్పు మోగుతూనే ఉంది. ఆగలేదు. కానీ దాని పక్కన నా మాట కూడా నడుస్తున్నది, నా వేళ్ల కింద ఆ గడియారం కూడా నడుస్తున్నది. అవతలి గట్టు ఎక్కినంక ఖాసిం భాయ్ హారన్ కొట్టాడు. ముందర బాట మీద మనిషి లేడు, మేక లేదు. ఊరికే కొట్టాడు. కొంతసేపటికి నల్లగొండ గుట్టలు కనిపించాయి. సక్కు చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకొని, ఇప్పుడు నాకు తగ్గింది బాపూ అన్నది.

దస్కత్ చేశాను. అక్షరాలు గొర్రెల మంద లాగా చెదిరాయి.  సక్కును వదిలి, దవాఖానకు పోయాను. వరండా నిండా మనుషులు. డాక్టర్ సాబ్ గుమ్మంలో నిలబడి అద్దాల మీదుగా నన్ను చూసి గుర్తుపట్టారు.

"ఎవరితోటి వచ్చినరు?"

"బిడ్డతోటి సాబ్."

"ఎవరితోటి పోతరు?"

"ఒక్కణ్నే."

 తలూపి, తరువాతి రోగిని పిలిచారు. నాకు దక్కిన బిరుదుల్లో దాన్ని మించింది లేదు.

తిరుగు బస్సులో పక్క సీటు ఖాళీ. వాగు దగ్గర కావలివాడు మళ్లీ కేకేశాడు. వేయనిచ్చాను. చేతులు ఒళ్లో పెట్టుకొని, ఒకదాన్నొకటి తాకకుండా కూర్చున్నాను. ఖాసిం భాయ్ అద్దంలోంచి ఒక్కసారి కూడా చూడలేదు. అనసూయ దగ్గర నేర్చుకున్నాడు కావచ్చు.

ఆ తరువాత నెలనెలా పోయాను. కావలివాడు ఇప్పటికీ ఉన్నాడు. ముసలివాడైనాడు, అప్పుడప్పుడు దగ్గుతాడు, వినిపించనట్టు ఉంటాను. డాక్టర్ సాబ్ బదిలీ మీద పోతుంటే, వరండాలో మా ఊరివాళ్లం మళ్లీ పన్నెండుగురం నిలబడ్డాం. మల్లయ్య మామ ఆయనకు గొంగడి కప్పాడు. డాక్టర్ సాబ్ మమ్మల్ని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసి, ఆ రోజు మొదటిసారి నవ్వారు. అంగట్లో కనిపించిన పెద్దమనిషీ, నీకు నేను చెప్పేది ఇంతే: చెయ్యి వదులు, సిగ్గుపడకు, మెట్ల మీద నీ పక్కన కూర్చునే డాక్టరును వెతుక్కో. ఉంటారు. నాకు దొరికారు.

సక్కు ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఆడపిల్లల బళ్లో లెక్కల టీచరు. ఇంటికొచ్చినప్పుడల్లా చుట్టాల ముందర ఆ సోమవారం సంగతి చెప్తుంది. తానెంత భయపడిందో, గుండె ఎట్లా ఎగిరిపడిందో, బాపు ఎంత ధైర్యంగా కథ చెప్పి వాగు దాటించాడో. ప్రతిసారీ కొంత పెంచుతుంది, నా బిడ్డే కదా. పోయినసారి నాడి నూట అరవై అయింది. చుట్టాలు నా వైపు మెచ్చుకోలుగా చూస్తారు. అనసూయ వంటింట్లోకి పోతుంది. నేను తలూపి, అవు, అట్లనే కొట్టుకున్నది అంటాను.

ఆ రోజు ఆ మణికట్టు కింద నేను లెక్కబెట్టింది డెబ్బై ఎనిమిది. నా బతుకులో నేను పెంచకుండా, తగ్గించకుండా దాచుకున్న అంకె అదొక్కటే.